తీపి నుంచి నీలిరంగు దాకా: మధుమేహ నిర్ణయ చరిత్ర

కాజీపేట నుంచి సికింద్రాబాదు పోయే రైలుమార్గం మీద, కాజీపేటకూ జనగామకూ నడుమ, ఒక ఊరున్నది. ఘన్‌పూరు అనే పేరుగల ఊళ్ళు తెలంగాణంలో మరికొన్ని ఉన్నందువల్ల రైలు ఆగే ఈ ఊరిని స్టేషన్ ఘన్‌పూర్ అంటారు. పూర్వం ఇది వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుంచి జనగామ జిల్లాలో చేరినది. చుట్టుపట్ల పల్లెలలో వరి, పత్తి, మొక్కజొన్న పండిస్తారు.

ఈ పల్లెలలో నాట్లకు పోయే ఒక కూలీ స్త్రీని ఊహించుకుందాం. వయస్సు నలభై రెండు. బక్కపలుచని మనిషి. పొలం బురదలో ఏదో గుచ్చుకొని అరికాలికి పుండయింది. నెల దాటినా మానలేదు. కాళ్ళు తిమ్మిరులెక్కుతున్నవి. అన్నం తిన్న తరువాత ఊళ్ళోనే వ్రేలి నుంచి రక్తపు బొట్టు తీసి చూస్తే 190 వచ్చింది, "షుగరున్నది" అన్నారు. మరునాడు పొద్దున పరగడుపున రక్తం తీసి పట్నానికి పంపించారు, 118 వచ్చింది, "లేదు" అన్నారు. మూత్రం పరీక్షిస్తే చక్కెర ఏమీ కనిపించలేదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.7 శాతం వచ్చింది, "ఉన్నది" అన్నారు. చేతిలో నాలుగు కాగితాలు, రెండు రకాల మాటలు. ఆమెకు కావలసినది ఒకే ఒక్క మాట: జబ్బు ఉన్నదా, లేదా? పుండు పడ్డ కాలు ఎంతకాలమైనా ఆగదు. నాటు వేయలేని కాలుతో ఆ ఇల్లు గడవదు.

ఈ నాలుగు కాగితాలలో ఏ ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. ఐతే ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో పుట్టిన పరీక్ష. దేనికి తగిన బలం దానికున్నది, దేనికి తగిన లోపం దానికున్నది. అవి ఎట్లా పుట్టినవో తెలిస్తే కాని వాటి మాటలను పొందికగా చదవలేము.

నాలుక చేసిన పరీక్ష

మధుమేహాన్ని మొట్టమొదట పసిగట్టినవి చీమలు. మూత్రం విడిచినచోట చీమలు మూగడం మన ప్రాచీన వైద్యులు గమనించారు. చరక, సుశ్రుత సంహితలలో ప్రమేహాలు ఇరవై రకాలుగా చెప్పబడినవి. అందులో తేనెవంటి మూత్రం పోయే దానిని మధుమేహమన్నారు. పుట్టుకతో వచ్చే దానినీ, అపథ్యమైన ఆహారవిహారాలవల్ల వచ్చే దానినీ సుశ్రుతుడు వేరుచేసి చెప్పాడు. మొదటి రకంవారు కృశించి ఉంటారనీ, రెండవ రకంవారు స్థూలకాయులనీ అన్నాడు. జబ్బు ఒకటి కాదు, రెండు అనే ఈ భావం ఆధునిక వైద్యానికి ఇరవయ్యవ శతాబ్దిలో గాని స్థిరపడలేదు.

ఐరోపాలో 17వ శతాబ్దిలో ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్ రోగుల మూత్రాన్ని రుచిచూసి, తేనెవలె తియ్యగా ఉన్నదని వ్రాశాడు. ఆ తీపి దేనివల్ల వచ్చినదో ఆయనకు తెలియదు. ఆ సంగతి 1776లో లివర్‌పూలు నగరపు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ తేల్చాడు. ఆయన రోగి మూత్రాన్ని నెమ్మదిగా కాచి ఇగిర్చాడు. అడుగున తెల్లని ముద్ద మిగిలింది. అది వాసనకూ రుచికీ చక్కెరే. అంతటితో ఆగక ఆయన రోగి రక్తం నుంచి విడివడిన రసాన్ని కూడా రుచిచూశాడు. అదీ తియ్యగా ఉన్నది. అంటే తీపి మూత్రపిండాలలో పుట్టడంలేదు. రక్తంలోనే ఉండి మూత్రంలోకి దిగుతున్నది. మధుమేహం మూత్రపిండాల జబ్బు అన్న నమ్మకానికి ఇది మొదటి దెబ్బ.

1815లో ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ ఈ చక్కెర చెరకు చక్కెర కాదనీ, ద్రాక్షలో ఉండే చక్కెర, అంటే నేడు గ్లూకోజు అంటున్నదేననీ చూపించాడు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని రసాయన పరీక్షకు దారితీసినది ఇదే. ఎందుకంటే చెరకు చక్కెరకు లేని ఒక గుణం గ్లూకోజుకు ఉన్నది.

మైలుతుత్తపు రంగులు

ఆ గుణం క్షయకరణం. మైలుతుత్తంలోని రాగి లవణం నీలంగా ఉంటుంది. క్షార ద్రావణంలో దానిని గ్లూకోజుతో కాచితే గ్లూకోజు తాను ఆక్సీకరణం చెంది రాగిని క్షయకరిస్తుంది. నీలం పోయి ఇటుకరంగు క్యూప్రస్ ఆక్సైడు అవక్షేపంగా దిగుతుంది. జర్మనీలో 1841లో ట్రామర్, 1848లో ఫేలింగ్ ఈ చర్యను పరీక్షగా మలిచారు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో అమెరికా రసాయనవేత్త స్టాన్లీ బెనెడిక్టు చెడకుండా చాలాకాలం నిలవుండే ద్రావణాన్ని తయారుచేశాడు.

ఈ పరీక్షను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయులు సులభంగా చేసి చూపవచ్చు. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్టు ద్రావణం తీసుకొని, 8 చుక్కల గ్లూకోజు నీరు వేసి, మరుగుతున్న నీటిలో కొద్ది నిమిషాలుంచాలి. గ్లూకోజు తక్కువైతే ఆకుపచ్చ, హెచ్చిన కొద్దీ పసుపు, నారింజ, చివరకు ఇటుకరంగు కనిపిస్తాయి. మరొక నాళికలో మామూలు పంచదార నీటితో అదే ప్రయోగం చేస్తే నీలం నీలంగానే ఉంటుంది. షెవ్రూల్ చూపిన భేదం విద్యార్థుల కళ్ళముందు నిలుస్తుంది.

అనేక దశాబ్దాలపాటు లోకమంతటా మధుమేహ నిర్ణయానికి ఈ రంగులే ఆధారం. ఐతే వీటికి రెండు లోపాలున్నవి. మొదటిది, గ్లూకోజు కాని ఇతర పదార్థాలు కూడా రాగిని క్షయకరిస్తాయి. బాలింతల మూత్రంలో పాలచక్కెర దిగవచ్చు. అప్పుడు జబ్బు లేకుండానే రంగు మారుతుంది. రెండవది మరింత ముఖ్యమైనది. మూత్రపిండాలు వడకట్టిన గ్లూకోజును తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన తరువాతనే అది వాటి శక్తికి మించి మూత్రంలో కనిపిస్తుంది. చెరువులో నీరు పెరిగినా మత్తడి ఎత్తు దాటితే గాని అలుగు పారదు. అలుగు పారలేదు గనుక చెరువులో నీరు పెరగలేదనడం ఎట్లాంటిదో, మూత్రంలో చక్కెర లేదు గనుక మధుమేహం లేదనడం అట్లాంటిదే. కొందరికి మత్తడి పుట్టుకతోనే తక్కువ ఎత్తున ఉంటుంది. వారికి జబ్బు లేకున్నా మూత్రంలో చక్కెర పోతుంది.

ఘన్‌పూరు కూలీ స్త్రీ మూత్రపరీక్ష కాగితం ఇట్లా చదవాలి. ఆ సమయంలో ఆమె రక్తంలో చక్కెర 180 దాటలేదని మాత్రమే అది చెప్పగలదు.

రక్తంలోకి చూపు

రక్తాన్ని నేరుగా పరీక్షించాలన్న ఆలోచనకు క్లాడ్ బెర్నార్డు పరిశోధన పునాది. 1848 ప్రాంతంలో పారిస్‌లో ఆయన, చక్కెర ఏమాత్రం పెట్టని జంతువుల రక్తంలో కూడా చక్కెర ఉన్నదనీ, అది కాలేయం నుంచి వస్తున్నదనీ కనుగొన్నాడు. దీనితో ప్రశ్న మారిపోయింది. ఆరోగ్యవంతుని రక్తంలోనూ చక్కెర ఉంటుంది గనుక, "ఉన్నదా, లేదా?" అని అడిగి ప్రయోజనం లేదు, "ఎంత ఉన్నది?" అని అడగాలి. మధుమేహ నిర్ణయం రుచి చూసే విద్య కాక కొలిచే విద్య అయింది.

కొలవడం సులభం కాదు. తొలి పద్ధతులకు ఎక్కువ రక్తం కావలసివచ్చేది; పదేపదే తీయడానికి వీలయ్యేది కాదు. ఈ చిక్కును విప్పిన ప్రయోగశాలలలో ముఖ్యమైనది అమెరికాలోని బోస్టనులో, హార్వర్డు వైద్య కళాశాలలో ఉన్నది. స్వీడన్‌లో పుట్టిన ఓటో ఫోలిన్ అక్కడి జీవరసాయన శాఖకు అధిపతి. ఆయన వద్ద చైనా నుంచి వచ్చిన షియన్ వూ అనే విద్యార్థి పనిచేశాడు. వీరిద్దరూ కలిసి 1919, 1920 సంవత్సరాలలో రక్తపరీక్షా పద్ధతులను ప్రకటించారు.

ఆ పద్ధతి సూత్రం ఇది. రక్తానికి సోడియం టంగ్‌స్టేటు, గంధకామ్లం కలిపి మాంసకృత్తులను గడ్డకట్టించి వడపోస్తారు. స్వచ్ఛమైన వడపోత పదింతలు పలుచనైన రక్తంతో సమానం. అందులో 2 మిల్లీలీటర్లు, అంటే 0.2 మిల్లీలీటర్ల రక్తానికి సమానమైనది, క్షార రాగి ద్రావణంతో ఆరు నిమిషాలు వేడి చేస్తారు. ఏర్పడిన క్యూప్రస్ ఆక్సైడుకు ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం కలపగా, అది క్షయకరణం చెంది చిక్కని నీలిరంగు వస్తుంది. చక్కెర ఎంత ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన గ్లూకోజు ద్రావణపు నీలంతో పోల్చి ఎంత ఉన్నదో లెక్కకడతారు. ఏర్పడిన క్యూప్రస్ ఆక్సైడు గాలి తగిలి తిరిగి ఆక్సీకరణం చెందకుండా ఫోలిన్, వూలు సన్నని మెడగల ప్రత్యేకమైన గాజునాళికను కూడా రూపొందించారు. ఆ నాళిక వైద్య కళాశాలల ప్రయోగశాలలలో చాలాకాలం నిలిచింది.

సరిగా ఈ కాలంలోనే కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్టు, కాలిప్, మెక్లియాడ్‌ల కృషివల్ల ఇన్సులిన్ వెలువడింది. క్లోమం తీసివేసిన కుక్కకు మధుమేహం వస్తుందని 1889లో మింకోవ్‌స్కీ, మేరింగ్ చూపినప్పటి నుంచి వెదకుతున్న పదార్థమది. 1922 జనవరి 11న మొదటిసారిగా లియొనార్డు థాంప్సన్ అనే బాలునికి ఇచ్చారు. ఇన్సులిన్ ప్రాణం నిలపగలదు. మోతాదు మించితే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం తీయనూగలదు. కాబట్టి చిన్న మోతాదు రక్తంతో చక్కెరను కొలిచే పద్ధతి అందుబాటులో ఉండడం మందుతో సమానమైన మేలు.

బోస్టను నీలిరంగు, భీమవరం మనిషి

అదే 1922లో బోస్టనుకు ఒక తెలుగు యువకుడు చేరుకున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు ఆయన. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు ముగించి, ఫోలిన్ శాఖలోనే సైరస్ ఫిస్కె వద్ద పరిశోధనకు చేరాడు. 1925లో ఫిస్కె, సుబ్బారావులు రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు.

ఆ పద్ధతిలోనూ చివరకు కనిపించేది మాలిబ్డినపు నీలిరంగే. ఫోలిన్, వూల పద్ధతిలో ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లాన్ని మనం చేరుస్తాము. దానిని నీలంగా మార్చే శక్తి చక్కెర నుంచి వస్తుంది. ఫిస్కె, సుబ్బారావుల పద్ధతిలో పరీక్షించే ద్రవంలోని భాస్వరం మాలిబ్డేటుతో కలిసి ఆ ఆమ్లాన్ని తానే ఏర్పరుస్తుంది. నీలంగా మార్చే పదార్థాన్ని మనం చేరుస్తాము. ఒకే రంగు, ఒకే శాఖ; అడిగే ప్రశ్నలు మాత్రం రెండు.

ఈ కొలమానంతోనే ఆ ఇద్దరూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడా రెండవ పదార్థాన్ని అదే సంవత్సరం కనుగొన్నాడు. మధుమేహానికీ దీనికీ సంబంధమేమని విద్యార్థి అడగవచ్చు. రక్తంలోని గ్లూకోజు కండరకణంలోకి పోవడానికి ఇన్సులిన్ తోడ్పడుతుంది. లోపలికి పోగానే గ్లూకోజుకు జరిగే మొదటి పని, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు నుంచి ఒక ఫాస్ఫేటు దానికి చేరడం. ఆ ముద్ర పడిన తరువాతనే గ్లూకోజు కణంలో ఖర్చు కావడమో, నిలవ కావడమో జరుగుతుంది. మధుమేహంలో తలుపు దగ్గరే చక్కెర ఆగిపోతుంది. లోపల కణానికి కొరత, వెలుపల రక్తంలో అతివృష్టి.

ఫోలిన్, వూల పద్ధతికి ఒక లోపం లేకపోలేదు. రక్తంలో రాగిని క్షయకరించే ఇతర పదార్థాలు కూడా కొంత నీలాన్ని పుట్టిస్తాయి. అందుచేత వచ్చిన అంకె అసలు గ్లూకోజు కంటె దాదాపు 20 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉండేది. "పరగడుపున 80 నుంచి 120 వరకు మామూలే" అని పెద్దలు నేటికీ చెప్పే మాట ఆ పద్ధతి నాటిది. తరువాతి కాలంలో గ్లూకోజును మాత్రమే పట్టుకొనే గ్లూకోజు ఆక్సిడేజు అనే ఎంజైము వాడుకలోకి వచ్చింది. అప్పుడు మామూలు అంకెలు క్రిందికి దిగినవి. పద్ధతి మారినా పాత అంకె జనుల నోట నిలిచిపోయింది.

ఆ ఎంజైమునే కాగితపు పట్టీమీద ఎండబెట్టి, 1956లో మూత్రానికీ, 1960 దశకం నడుమ రక్తానికీ పరీక్షలు చేశారు. 1970 ప్రాంతంలో పట్టీ రంగును చదివే యంత్రం వెలువడింది. నేడు పల్లెలలో వ్రేలి రక్తపు బొట్టుతో చూసే చిన్న యంత్రం దాని సంతతే. ఐతే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 మిల్లీగ్రాములకు పైబడిన కొలతలలో నూటికి 95 వంతులు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే ఆ యంత్రం మంచిదే. ఉన్న జబ్బును రోజూ కనిపెట్టి ఉండడానికి ఆ మాత్రం చాలు. జబ్బు ఉన్నదని తేల్చడానికి చాలదు. పైగా అన్నం తిన్న తరువాత వచ్చిన 190 అనుమానం కలిగించేదే గాని తీర్పు కాదు.

గీత ఎక్కడ గీయాలి?

చక్కెరను ఎంత ఖచ్చితంగా కొలిచినా మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎంత దాటితే జబ్బు? మనుషుల ఎత్తులవలె రక్తశర్కర కూడా కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. ఆరోగ్యానికీ జబ్బుకూ నడుమ ప్రకృతి గోడ కట్టలేదు. గీత గీసినది మనుషులే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నాటి నిర్ణయంలో, పరగడుపు రక్తరసంలో 140 మిల్లీగ్రాములు గాని అంతకు పైన గాని ఉంటే మధుమేహమన్నారు. 1997లో అమెరికా మధుమేహ సంఘం దానిని 126కు దించింది. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకొన్నది. కారణం లేకుండా దించలేదు. కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు చెడడం ఏ స్థాయి నుంచి హెచ్చుతున్నదో వేలమందిని పరీక్షించి చూశారు. 140 వరకు ఆగితే కళ్ళు చెడిన వారెందరో గీతకు ఇవతల ఉండిపోతున్నారని తేలింది. అంటే 1996లో 130 వచ్చి "మీకు లేదు" అనిపించుకొన్న మనిషి, తన రక్తం ఏమీ మారకుండానే 1999లో మధుమేహి అయ్యాడు.

పరగడుపు కొలతకు మరొక చిక్కున్నది. గాజునాళికలోకి తీసిన రక్తం ప్రాణంలేని వస్తువు కాదు. అందులోని కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం వరకు చక్కెర తగ్గిపోతుంది. అందుకే నాళికలో సోడియం ఫ్లోరైడు వేస్తారు; అదీ పూర్తిగా పనిచేయడానికి కొంత వ్యవధి పడుతుంది. రక్తాన్ని మంచులో ఉంచడమో, వెంటనే యంత్రంలో త్రిప్పి కణాలను వేరుచేయడమో మేలు. పల్లెలో తీసిన రక్తం రెండు గంటలు ప్రయాణం చేసి ప్రయోగశాల చేరితే, బయలుదేరినప్పుడు 130 ఉన్నది చేరేసరికి 118 కావచ్చును. కూలీ స్త్రీ చేతిలోని రెండవ కాగితం బలహీనత ఇక్కడున్నది.

ఇక నాలుగవ కాగితం. రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌కు మెల్లగా అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కాబట్టి ఎంత హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటినదో చూస్తే గడచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. మధుమేహులలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నదని 1968లో ఇరాను వైద్యుడు శామ్యూల్ రాహ్‌బర్ గమనించాడు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6.5 శాతాన్ని నిర్ణయానికి గీతగా ఒప్పుకొన్నది. దీనికి పరగడుపు అక్కరలేదు. రక్తం ప్రయాణం చేసినా పెద్దగా చెడదు.

ఐతే ఈ పరీక్ష కొలిచేది చక్కెరను కాదు, ఎర్రకణం మీద చక్కెర వ్రాసిన లెక్కను. ఎర్రకణాలే సరిగా లేకపోతే లెక్క తప్పుతుంది. ఇనుము చాలక రక్తహీనత వచ్చినవారిలో అంకె కృత్రిమంగా హెచ్చుతుంది. ఎర్రకణాలు త్వరగా నశించే కొడవలి కణ వ్యాధివంటి వాటిలో కృత్రిమంగా తగ్గుతుంది. ఇది పుస్తకాల సూక్ష్మం మాత్రమే కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. ఘన్‌పూరుకు తూర్పున మహబూబాబాదు, భూపాలపల్లి అడవి ప్రాంతాల ఆదివాసులలో కొడవలి కణ లక్షణం కనిపిస్తుంది. కాబట్టి ఈ ప్రాంతపు మనిషికి 6.7 వచ్చినా, 5.9 వచ్చినా, హిమోగ్లోబిన్ ఎంతో చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు.

చక్కెర ఒకటే, జబ్బులు అనేకం

జబ్బు ఉన్నదని తేలినా పని సగమే అయినట్లు. ఏ రకమో తేలాలి.

1936లో లండను వైద్యుడు హరాల్డ్ హిమ్స్‌వర్త్ రోగులకు నోటి ద్వారా గ్లూకోజు, అదే సమయంలో సూదితో ఇన్సులిన్ ఇచ్చి చూశాడు. కొందరిలో చక్కెర అదుపులో ఉన్నది. మరికొందరిలో ఇన్సులిన్ ఇచ్చినా పెరిగిపోయింది. మొదటివారికి ఇన్సులిన్ కరవు. రెండవవారి శరీరం ఇన్సులిన్‌ను లెక్కచేయడంలేదు. 1959, 1960లలో న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అతిసూక్ష్మమైన రేడియోధార్మిక పద్ధతితో రక్తంలోని ఇన్సులిన్‌ను నేరుగా కొలిచి ఈ భేదాన్ని స్థిరపరిచారు. 1974లో బొట్టాజో మొదటి రకంవారి రక్తంలో తమ క్లోమకణాలమీదనే దాడిచేసే ప్రతిరక్షకాలను చూపించాడు.

ఈ రెండు గదులలోనూ ఇమడని రోగులు ఉష్ణమండల దేశాలలో కనిపించారు. బక్కపలుచని యువకులు; ఇన్సులిన్ చాలా కావాలి, కాని అది లేకున్నా మొదటి రకంవారివలె త్వరగా స్మృతి తప్పరు. కొందరికి కడుపు ఎక్స్‌రేలో క్లోమంలో రాళ్ళు కనిపించేవి. కేరళలో ఇట్లాంటివారు అధికం. పోషకాహార లోపమే కారణమని చాలాకాలం తలచారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోషకాహార లోపపు మధుమేహాన్ని వేరే తరగతిగా చేర్చింది, 1999లో తీసివేసింది, 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అట్లాంటి దానినే అయిదవ రకంగా తిరిగి గుర్తించింది. ఈ ముడిని విప్పడంలో హైదరాబాదుకు భాగమున్నది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన గిరిరాజ్ చందక్, లాల్జీ సింగ్, జీర్ణకోశ వైద్యుడు డి. నాగేశ్వర్ రెడ్డి తదితరులు 2002లో ప్రకటించిన పరిశోధనలో, ఈ క్లోమపు రాళ్ళ వ్యాధికీ స్పింక్1 అనే జన్యువులోని మార్పులకూ గట్టి సంబంధమున్నదని చూపారు. క్లోమంలో పుట్టే జీర్ణరసం క్లోమాన్నే జీర్ణించకుండా కాపాడే పదార్థాన్ని తయారుచేసే జన్యువది. కాపలా సడలితే క్లోమం తన్ను తానే తినివేస్తుంది. ఇన్సులిన్ కణాలు కూడా అందులో నశిస్తాయి.

కాబట్టి బక్కపలుచని మనిషికి మధుమేహమని తేలినప్పుడు, "పెద్దవయస్సు గనుక రెండవ రకమే" అని మాత్రలిచ్చి పంపడానికి ముందు వైద్యుడు ఈ మూడవ దారి కూడా తలచుకోవాలి.

పల్లె చెప్పిన సాక్ష్యం

మధుమేహం పట్నపు ధనికుల జబ్బని ఒకప్పుడు అనుకొనేవారు. 2000లో ఆరు నగరాలలో జరిగిన జాతీయ సర్వేలో ఇరవై ఏళ్ళు దాటిన వారిలో హైదరాబాదులో 16.6 శాతానికి మధుమేహమున్నది. ఆరింటిలోనూ అదే అధికం. 2005 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెలలో ముప్పై ఏళ్ళు దాటినవారిని పరీక్షిస్తే 13.2 శాతం తేలింది. పల్లె రక్షణ కవచమన్న భావం పోయింది. 2023లో వెలువడిన అఖిల భారత సర్వే లెక్క ప్రకారం దేశంలో మధుమేహులు పది కోట్లకు పైగా ఉన్నారు, పట్టణాలలో 16.4 శాతం, పల్లెలలో 8.9 శాతం.

పల్లె మనిషికి ఎందుకు వస్తున్నది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని కొంత జవాబు చెబుతున్నది. 1918లో కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి ఈ సంస్థ అయింది. 1987–90 నడుమ నగర సమీపాన 29 గ్రామాలలో ఒక పరిశీలన జరిగింది. 15 గ్రామాలలో గర్భిణులకు రోజుకు సుమారు 500 కెలోరీల, చిన్నపిల్లలకు 300 కెలోరీల అదనపు ఆహారం అందింది; 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. 2003–05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవారైనప్పుడు వారిలో 1165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. ఇన్సులిన్‌ను లెక్కచేయని గుణం వారిలో 20 శాతం తక్కువగా ఉన్నది. తల్లికడుపులోనూ పసితనంలోనూ తిన్న నాలుగు ముద్దల ప్రభావం పదిహేనేళ్ళ తరువాత రక్తంలో కనిపించినదన్నమాట.

మళ్ళీ ఘన్‌పూరుకు

ఆ కూలీ స్త్రీ నాలుగు కాగితాలను ఇప్పుడు చదవవచ్చు. మూత్రం మత్తడి దాటలేదు. వ్రేలి రక్తం అనుమానం మాత్రమే. పరగడుపు రక్తం దారిలో చక్కెర పోగొట్టుకొని ఉండవచ్చు. సగటు అంకెను రక్తహీనత పెంచి ఉండవచ్చు. ఒకదాని తప్పును మరొకటి దిద్దగల స్థితిలో లేవు.

తేల్చే దారి ఉన్నది. ఆమె స్వయంగా ప్రయోగశాల ఉన్న ఆసుపత్రికి పోవాలి. రక్తం ప్రయాణం చేయడం కంటె మనిషి ప్రయాణం చేయడం మేలు. 1959లో స్థాపితమైన వైద్య కళాశాల గల వరంగల్లు దూరం కాదు. రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా ఏమీ తినక, పొద్దున నరం నుంచి రక్తమివ్వాలి. ఆ వెంటనే 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీరు త్రాగి, రెండు గంటలు కదలక కూర్చొని, మరొకసారి ఇవ్వాలి. పరగడుపున 126, రెండు గంటలకు 200: ఈ రెండు గీతలూ తాకినా దాటినా మధుమేహమే. ఒకటే దాటితే మరొకనాడు తిరిగి చూడాలి. అదే రోజున హిమోగ్లోబిన్ కూడా చూడాలి. జబ్బని తేలితే ఆమె సన్నపాటి ఒడ్డు పొడుగు దృష్ట్యా క్లోమం సంగతి విచారించాలి. తేలకపోయినా కాలి తిమ్మిరికీ పుండుకూ కారణం వెదకక విడువరాదు. పరీక్ష ముగిసేదాకా పుండుకు చికిత్స ఆపనూ రాదు.

చీమల కాలం నుంచి నేటిదాకా ఈ విద్య నేర్పినది ఒకటే. ప్రతి కొలతా ఒక ప్రశ్నకు జవాబు. ఏ ప్రశ్నకో తెలియకుండా జవాబును నమ్మకూడదు. తరగతిలో బెనెడిక్టు ద్రావణం రంగు మారడం చూసిన విద్యార్థి రేపు ఇంట్లో అమ్మ చేతిలోని కాగితాన్ని చూసి, "ఈ రక్తం ఎప్పుడు తీశారు, ఎంతసేపటికి పరీక్షించారు, నీకు రక్తం తక్కువున్నదా?" అని మూడు ప్రశ్నలు అడగగలిగితే, ఆ పాఠం సార్థకమైనట్లే.